70 లక్షల కారు: స్పీడా, హైబ్రిడా? కొనే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్‌లో టోలీచౌకీ, బంజారాహిల్స్, అత్తాపూర్ వైపు కొన్ని ఇళ్లలో ఈ మధ్య ఒకే గొడవ నడుస్తోంది. వ్యాపారం బాగుంది, లేదా పెద్దబ్బాయి గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చాడు. ఇన్నోవా పాతబడింది, మంచి కారు తీసుకుందామనుకున్నారు. కొడుకు బీఎండబ్ల్యూ ఎం340ఐ అంటాడు. ఇరవై ఏళ్లు జిద్దాలోనో దుబాయ్‌లోనో ఉండొచ్చిన అబ్బా లెక్సస్ ఈఎస్ 300హెచ్ అంటాడు. రెండూ సెడాన్లే, రెండూ పెట్రోలు బళ్లే. ధరల్లో పది లక్షలు అటూ ఇటూ తేడా. కానీ ఈ రెండూ రెండు వేర్వేరు పనుల కోసం తయారైనవి. అది తెలియకుండా బ్రోచర్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు.

ముందు కొడుకు అడిగే బండి సంగతి. ఎం340ఐలో 3 లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో ఇంజను ఉంటుంది. 2021లో మన దేశంలోకి వచ్చినప్పుడు 387 హార్స్‌పవర్, తర్వాత వచ్చిన మోడల్‌లో 374. టార్క్ 500 న్యూటన్ మీటర్లు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది. గేర్లు ఎనిమిది, ఆటోమేటిక్. నిలబడిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కంపెనీ చెప్పే టైమ్ 4.4 సెకన్లు. ‘బిస్మిల్లా’ అని నింపాదిగా రెండుసార్లు అనేలోపు వంద దాటేస్తుంది. చెన్నై ఫ్యాక్టరీలోనే బిగిస్తారు కాబట్టి పూర్తిగా దిగుమతి చేసుకునే బండికి పడేంత సుంకం దీనికి పడదు.

టర్బో అంటే పెద్ద మర్మమేమీ లేదు. ఇంజను నుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువ దొరికితే పెట్రోలు ఎక్కువ మండుతుంది, శక్తి ఎక్కువ వస్తుంది. దానికి తగ్గట్టు ఖర్చూ అవుతుంది. మెల్లగా నడిపితే ఇది కూడా పెద్ద మనిషిలాగే నడుస్తుంది. కానీ మెల్లగా నడపడానికి ఈ బండి కొనేవాళ్లు ఎంతమంది?

ఇక అబ్బా అడిగే బండి. ఈఎస్ 300హెచ్‌లో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, దానికి తోడు కరెంటు మోటారు. రెండూ కలిసి దాదాపు 215 హార్స్‌పవర్. ముందు చక్రాలే లాగుతాయి. వంద అందుకోవడానికి 8.9 సెకన్లు, అంటే మొదటి దానికి రెట్టింపు టైమ్. 2020 నుంచి దీన్ని కూడా ఇక్కడే, బెంగళూరు దగ్గర బిడదిలో బిగిస్తున్నారు. టెస్టులో వచ్చిన మైలేజీ లీటరుకు 22 కిలోమీటర్ల పైన అని కంపెనీ చెప్పింది. దాదాపు ఐదు మీటర్ల పొడవున్న బండికి ఇది చిన్న విషయం కాదు.

గల్ఫ్‌లో బండి నడిపి బతికినవాళ్లకు ఈ టెక్నాలజీ కొత్త కాదు. దుబాయ్ రోడ్ల మీద ట్యాక్సీల్లో చాలావరకు టయోటా కామ్రీ హైబ్రిడ్‌లే. ఆ కామ్రీలో, ఈ లెక్సస్‌లో పనిచేసే పద్ధతి ఒక్కటే. 1997 డిసెంబరులో జపాన్‌లో మొదటి ప్రియస్‌ను అమ్మినప్పుడు టయోటా పెట్టిన పద్ధతి అది, మారుతూ మెరుగుపడుతూ ఇక్కడికి వచ్చింది. రోజుకు పన్నెండు గంటలు ఆ ట్యాక్సీ నడిపిన మన కరీంనగర్, కడప డ్రైవర్లను అడిగితే షోరూమ్ సేల్స్‌మన్ కన్నా బాగా చెప్తారు.

ఇంతకీ మైలేజీ ఎక్కడి నుంచి వస్తోంది? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ‘బ్యాటరీ ఉంది కాబట్టి మైలేజీ’ అనుకుంటారు. ఆ బ్యాటరీ చాలా చిన్నది. రెండు యూనిట్ల కరెంటు కూడా పట్టదు. పెద్ద కరెంటు స్కూటర్ల బ్యాటరీ ఇంతకన్నా పెద్దది. దాన్ని ఇంట్లో ప్లగ్ పెట్టి చార్జ్ చేయడం కూడా ఉండదు. మైలేజీ వచ్చేది మూడు చోట్ల నుంచి.

మొదటిది బ్రేకు. మామూలు కారు 60లో వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగితే, ఆ వేగం తెచ్చుకోవడానికి కాల్చిన పెట్రోలంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో బ్రేకు నొక్కగానే మోటారు డైనమోగా మారి, ఆ శక్తిలో కొంత బ్యాటరీలో దాస్తుంది. సిగ్నల్ పడగానే దాన్నే వాడి కదులుతుంది. మెహదీపట్నం నుంచి నాంపల్లి దాకా ఎన్నిసార్లు ఆగి కదులుతామో అన్నిసార్లు ఇది జరుగుతుంది. బ్రేకు ప్యాడ్లు త్వరగా అరగకపోవడానికి కారణం కూడా ఇదే.

రెండోది, ట్రాఫిక్‌లో ఇంజను ఆగిపోతుంది, ఏసీ మాత్రం ఆగదు. ఎందుకంటే ఏసీ కంప్రెసర్ ఇంజను బెల్టు మీద కాదు, కరెంటు మీద తిరుగుతుంది. మే నెలలో స్కూలు బయట పిల్లల కోసం కూర్చున్న అమ్మీకి దీని విలువ తెలుస్తుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజను కాసేపు లేచి, మళ్లీ పడుకుంటుంది.

మూడోది ఇంజనే. దీన్ని అట్కిన్సన్ పద్ధతి అంటారు. లోపలికి గాలి తీసుకునే వాల్వ్ కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది. దాంతో కొంచెం తక్కువ గాలిని నొక్కి, మండిన తర్వాత వచ్చే తోపును మాత్రం చివరిదాకా వాడుకుంటుంది. పెట్రోలులోని శక్తిలో 41 శాతం దాకా పనిగా మారుస్తామని టయోటా చెప్పింది. పెట్రోలు ఇంజనుకు ఇది చాలా ఎక్కువ. అయితే ఇలాంటి ఇంజనుకు కింద వేగాల్లో బలం తక్కువ. ఆ లోటును మోటారు పూడుస్తుంది. అందుకే ఇద్దరినీ జత చేశారు.

గేర్‌బాక్స్ సంగతి కూడా వేరే. ఇందులో మామూలు గేర్లు ఉండవు. రెండు మోటార్లు, ఇంజను ఒకే పళ్ల చక్రాల సెట్టుకు కలిసి ఉంటాయి. విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, క్లచ్ లేదు. అరిగిపోయేవి తక్కువ అన్నమాట. కాకపోతే ఓవర్‌టేక్ కోసం గట్టిగా తొక్కితే ఇంజను ముందు అరుస్తుంది, బండి తర్వాత కదిలినట్టు అనిపిస్తుంది. ఎం340ఐ నడిపి వచ్చి ఇది నడిపిన కుర్రాడికి నిద్ర వస్తుంది. అది అబద్ధం కాదు.

హైవే మీద ఈ లాభం తగ్గుతుంది. కర్నూలు రోడ్డు మీద 100లో గంటసేపు ఆగకుండా వెళ్తే బ్రేకూ లేదు, బ్రేకు నుంచి వచ్చే శక్తీ లేదు. గాలిని చీల్చుకుంటూ పోవడానికే పెట్రోలు ఖర్చవుతుంది. అక్కడ ఎం340ఐ కూడా మరీ తిండిపోతు కాదు. కాబట్టి వారంలో ఆరు రోజులు సిటీలో తిరిగేవాళ్లకూ, వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లొచ్చే వ్యాపారికీ ఒకే జవాబు ఉండదు.

ఇప్పుడు డబ్బు లెక్క.

ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పెట్రోలు లీటరు రూ.107. బ్రోచర్ అంకెలు పక్కన పెట్టి, సిటీ, హైవే కలిపి ఎం340ఐ 9 కిలోమీటర్లు, ఈఎస్ 17 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. మొదటి దానికి ఏడాదికి దాదాపు 1,667 లీటర్లు, రూ.1.78 లక్షలు. రెండో దానికి 882 లీటర్లు, రూ.94 వేలు. తేడా ఏడాదికి రూ.84 వేలు, ఐదేళ్లకు రూ.4.2 లక్షలు. టర్బో ఇంజను పూర్తి శక్తి ఇవ్వాలంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయాలి, దానికి లీటరుకు ఇంకా ఎక్కువ పడుతుంది.

4.2 లక్షలు చిన్న మొత్తమేం కాదు. కానీ పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 50 లక్షలు బ్యాంకు లోను తీసుకుని, 9 శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే నెలకు రూ.1,03,800 దాకా కిస్తీ. ఐదేళ్లలో వడ్డీ ఒక్కటే 12 లక్షల పైన. పెట్రోలులో మిగిలేదానికి అది దాదాపు మూడు రెట్లు. ‘మైలేజీ కోసం హైబ్రిడ్ తీసుకున్నాం’ అని చెప్పి, దాన్ని వడ్డీకి తీసుకున్నవాళ్లు ఎక్కడ మిగిల్చారో వాళ్లకే తెలియాలి. వడ్డీ విషయంలో దీన్ పరంగా ఉన్న ఇబ్బంది వేరే, అది ప్రతి ఇంటికీ తెలిసిందే. ఇక్కడ లెక్క పరంగా చూసినా అది పెద్ద చిల్లే.

ఇంకో పెద్ద ఖర్చు కంటికి కనపడదు. లగ్జరీ కారు ఐదేళ్లకు సగం ధరకు పడిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. 70 లక్షల బండి మీద 35 లక్షలు, 62 లక్షల బండి మీద 31 లక్షలు అలా కరిగిపోతాయి. దాంతో పోలిస్తే పెట్రోలు ఆఖరి వరుసలో కూర్చునే ఖర్చు.

దీని మీద తెలంగాణ లైఫ్ ట్యాక్స్. 50 లక్షలు దాటిన బండికి ఇది ధరలో దాదాపు ఐదో వంతు. అంటే షోరూమ్‌లో చెప్పే రేటుకు ఇంకో పన్నెండు, పద్నాలుగు లక్షలు కలుపుకున్నాకే అసలు ధర తెలుస్తుంది. ఇన్సూరెన్సు వేరు. ఆ పైన 1 శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. ఇది ఖర్చు కాదు. పది లక్షలు దాటిన ప్రతి కారుకూ తీసుకునేదే, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించి తిరిగి రాబట్టుకోవచ్చు. 70 లక్షల మీద 70 వేలు. రిటర్ను వేసేటప్పుడు మర్చిపోయేవాళ్లు చాలామందే ఉంటారు.

జీఎస్టీ విషయంలో పాత మాటలు ఇంకా తిరుగుతున్నాయి. ‘హైబ్రిడ్‌కు పన్ను తక్కువ’ అనేది 2025 సెప్టెంబరు 21 దాకా నిజం. అప్పటిదాకా పెద్ద పెట్రోలు సెడాన్‌కు సెస్సుతో కలిపి 48 శాతం, ఇలాంటి హైబ్రిడ్‌కు 43 శాతం. సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 40 శాతమే. పన్ను లేని ధర 40 లక్షలు అనుకుంటే అప్పట్లో పెట్రోలు బండి మీద 19.2 లక్షలు, హైబ్రిడ్ మీద 17.2 లక్షలు పడేది. ఇప్పుడు రెండింటి మీదా 16 లక్షలు. రెండూ తగ్గాయి, కానీ హైబ్రిడ్‌కు ఉన్న రెండు లక్షల మేలు పోయింది. పూర్తి కరెంటు కారుకు మాత్రం 5 శాతమే. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ మాఫీ కూడా 2024 నవంబరు నుంచి కరెంటు బళ్ల కోసం పెట్టిందే. లెక్సస్ వెనకాల ‘హైబ్రిడ్’ అని రాసుంది కదా అని ఆ మాఫీ వస్తుందనుకోకూడదు.

వ్యాపారం పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని చెప్పేవాళ్లున్నారు. సొంత వాడకం కారు మీద, కంపెనీ పేరున ఉన్నా సరే, మామూలుగా ఆ క్రెడిట్ రాదు. ఆదాయపు పన్నులో ఏడాదికి 15 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, అది వేరే విషయం. అది కూడా బండి నిజంగా వ్యాపారానికి తిరిగితేనే.

జకాత్ గురించి కూడా ప్రశ్నలు వస్తుంటాయి. కుటుంబం వాడుకునే కారు మీద, అది ఎన్ని లక్షలదైనా, జకాత్ లేదు. కానీ కారు కోసమని బ్యాంకులో పెట్టిన సొమ్ము నిసాబ్ దాటి చాంద్రమానం ప్రకారం ఏడాది నిండితే, ఆ సొమ్ము లెక్కలోకి వస్తుంది. అమ్మడానికి కార్లు కొనిపెట్టుకునే డీలరుకు ఆ స్టాకంతా లెక్కే. సొంత పరిస్థితి చెప్పి దగ్గర్లోని ఆలిమ్‌ను అడిగితే మంచిది.

ఇక ‘హైబ్రిడ్’ అనే మాట. ఇది ఇప్పుడు అన్ని కంపెనీలూ వాడేస్తున్నాయి. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ అంటే ఇంజనుకు చిన్న చేయూత మాత్రమే, కరెంటు మీద బండి నడవదు. లెక్సస్ లాంటిది స్ట్రాంగ్ హైబ్రిడ్. ఇంట్లో చార్జ్ చేసుకునేది ప్లగ్-ఇన్. పైగా హైబ్రిడ్ అంటే పొదుపు అనుకోవడం కూడా ఇప్పుడు చెల్లదు. 2024లో వచ్చిన కొత్త బీఎండబ్ల్యూ ఎం5 హైబ్రిడే. 4.4 లీటర్ల వీ8 ఇంజనుకు కరెంటు మోటారు కలిపి 700 హార్స్‌పవర్ దాటించారు. బరువు రెండు టన్నులు దాటి ఇంకో నాలుగు క్వింటాళ్లు. వంద అందుకోవడానికి 3.5 సెకన్లు. హైబ్రిడ్ కాని పాత ఎం5 కాంపిటీషన్‌కు 3.3 సెకన్లే చెప్పేవారు. మెర్సిడెస్ ఏఎంజీ సీ63 కూడా వీ8 వదిలేసి, 2 లీటర్ల నాలుగు సిలిండర్లకు మోటారు కలిపి వచ్చింది. ఈ రెండూ మన దగ్గర రెండు కోట్లకు దగ్గరి బళ్లు. వాటిలో మోటారు పెట్టింది ముఖ్యంగా వేగం కోసం, యూరప్‌లో పొగ నిబంధనలు దాటడం కోసం. కాబట్టి బండి మీద రాసిన మాట కాదు, మోటారు ఎందుకు పెట్టారో అడగాలి.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూడేళ్ల ఎం340ఐ తక్కువలో వస్తోందంటే, వారంటీ అయిపోయి ఉండొచ్చు. బీఎండబ్ల్యూకు మామూలుగా ఇచ్చేది రెండేళ్లే, ఆ తర్వాతది డబ్బు కట్టి పొడిగించుకోవాలి. ఇలాంటి బండిని ముందు ఓనరు ఎలా నడిపాడో బయటికి కనపడదు. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవా, ఒకేలా అరిగాయా చూడటం, కంపెనీ సర్వీసు రికార్డు తీయించడం తప్పనిసరి. ఈఎస్‌కు హైబ్రిడ్ బ్యాటరీ మీద 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది, అది ఇంకా ఎంత మిగిలిందో అడగాలి. డీలరు దగ్గర కొంటే ఆయన లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, మొత్తం ధర మీద కాదు.

హైబ్రిడ్ కొన్నాక ఒక చిన్న పని అందరూ మరిచిపోతారు. వెనక సీటు కింద బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఉంటుంది. దానికి బ్యాగో, దుప్పటో అడ్డం పెడితే, దుమ్ము పట్టి మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. సర్వీసులో దాన్ని శుభ్రం చేయించాలి. ఓనరు ఆరు నెలలు రియాద్‌లో ఉండి బండి ఇంట్లో కవరు కింద ఉంటే, రెండు మూడు వారాలకోసారి ఎవరో ఒకరు కాసేపు నడపాలి. కర్నూలు, కడప, నిజామాబాద్ వైపు వాళ్లు సర్వీసు సెంటరు ఎంత దూరమో ముందే చూసుకోవాలి. రెండు బళ్లకూ ఇదే మాట.

ఇప్పుడు డబ్బు కన్నా పెద్ద విషయం. ఎం340ఐ తాళం ఎవరి చేతికి వెళ్తుంది?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 120, అది కూడా మొదటి రెండు లేన్లలోనే. ఈ బండి ఆ వేగాన్ని క్షణాల్లో దాటేస్తుంది. 120లో వెళ్తున్నప్పుడు సెకనుకు 33 మీటర్లు కదులుతాం. ముందు ఏదో అడ్డం వచ్చిందని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడితే, బ్రేకు పడకముందే 33 మీటర్లు పోయాయి. బండిలో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా ఈ లెక్క మారదు. రంజాన్ రాత్రుల్లో సహ్రీ దాకా నలుగురు స్నేహితులతో బయట తిరిగే వయసు కుర్రాడి చేతిలో ఈ బండి ఉంటే ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది?

పద్దెనిమిది నిండనివాడు నడిపి ప్రమాదం చేస్తే బాధ్యత తండ్రిదే లేదా బండి ఓనరుదే. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అంటే సరిపోదు, అది నిరూపించుకోవాల్సింది తండ్రే.

అలాగని ఎం340ఐ చెడ్డ బండి అనడం అన్యాయం. నడపడం తెలిసిన మనిషికి, సొంతంగా స్టీరింగ్ పట్టుకోవడమే ఇష్టమైనవాడికి ఆ ధరలో అంత మంచి ఇంజను దొరకడం కష్టం. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఇది ఒకరి ఇష్టం కోసం కొనేదైతే సరే. ఇంటికి ఒకటే కారైతే, వెనక సీట్లో దాదీ, అమ్మీ కూర్చునేదైతే, జుమాకూ శుభకార్యాలకూ డ్రైవరుతో వెళ్లేదైతే లెక్సస్ వైపే మొగ్గు. అది నాలుగు మీటర్ల 97 సెంటీమీటర్లు, బీఎండబ్ల్యూ కన్నా పాతిక సెంటీమీటర్లు పొడవు. ఆ తేడా వెనక కాళ్లు చాపుకునే చోట బాగా తెలుస్తుంది.

ఏదైనా టెస్ట్ డ్రైవ్ మాత్రం ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద కొడుకు ఒక్కడే చేయకూడదు. సాయంత్రం ఆరున్నరకు, ఏసీ వేసి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెనక కూర్చోబెట్టి, ఇంటి ముందున్న స్పీడ్ బ్రేకర్ దాటించి తీసుకెళ్లాలి. దిగేటప్పుడు వాళ్లు తలుపు పట్టుకుని ఎంతసేపు లేస్తున్నారో చూసి, ఆ తర్వాత అడ్వాన్సు మాట మాట్లాడొచ్చు.